చేతులు కనిపించే ఫోను

వీధిలో అందరికీ ఆమె పిన్ని. అసలు పేరొకటి ఉందిగానీ అది ఆమెకూ ఆమె భర్తకూ మాత్రమే తెలుసు. భర్త కూడా దాన్ని వాడి చాలా ఏళ్ళయింది. "ఏమే" అంటే పలుకుతుంది, అంతకుమించి ఆయనకు అవసరం పడలేదు. డెబ్భై దాటిన లెక్కల మాస్టారు సైతం పిన్నీ అనే పిలుస్తాడు. "మీకన్నా పదహారేళ్ళు చిన్నదాన్ని, మీకు నేను పిన్నినెలా అవుతానండీ?" అని మొదట్లో దెబ్బలాడింది. "మర్యాదకమ్మా" అన్నాడాయన. మర్యాదతో దెబ్బలాడలేక ఊరుకుంది.

మూడంతస్తుల మేడలో మెట్ల కింద ఉన్న గది ఆమె ఇస్త్రీ దుకాణం. లోపలికి వెళ్ళేవాళ్ళు తల వంచాలి. వంచనివాళ్ళకు పై మెట్టే బుద్ధి చెబుతుంది. గదిలో ఒక బల్ల, బల్ల మీద నాలుగు మడతల దుప్పటి, దానిమీద బరువైన కరెంటు ఇస్త్రీపెట్టె, పక్కన చిన్న కిటికీ వైపు నీళ్ళ గిన్నె, గోడకు ఈ చివరనుంచి ఆ చివరకు కట్టిన తీగ, తీగ నిండా హేంగర్లు. ఎవరి బట్టలు ఎవరివో ఆమె ఎక్కడా రాసుకోదు, గుర్తులూ వేయదు. కాలరు ఒకసారి తడిమితే చాలు. "ఇది రెండో అంతస్తు బ్యాంకాయనది. పాపం, ఈమధ్య మెడ నొప్పనుకుంటా, ఒకపక్కే అరుగుతోంది" అని చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్ళలో ఒకరి చొక్కా ఇంకొకరింటికి పోలేదు. ఒక్కసారి పోయిందని అంటారుగానీ, అది పుచ్చుకున్నవాడి తప్పేనని పిన్ని ఇప్పటికీ వాదిస్తుంది.

ఇలాంటి మనిషికి స్మార్టుఫోను ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమెకూ చాలాకాలం అలాగే అనిపించింది. బటన్ల ఫోనుంది, మోగితే ఎత్తుతుంది, మాట్లాడుతుంది, పెట్టేస్తుంది. లోకంలో అందరితోనూ దాంతో మాట్లాడవచ్చు, ఒక్క అక్కతో తప్ప.

అక్కకు పుట్టినప్పటినుంచీ వినపడదు. వినపడనిదానికి మాట ఎక్కడినుంచి వస్తుంది? సైగలతో చదువు చెప్పే బడులుంటాయని ఆ రోజుల్లో వాళ్ళ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఆ ఇంట్లో ఒక భాష పుట్టింది. ఏడేళ్ళ అక్క, నాలుగేళ్ళ చెల్లెలు కూర్చుని దాన్ని పుట్టించారు. కుడి బుగ్గ తాకితే అమ్మ, ఎందుకంటే అమ్మకు అక్కడ పుట్టుమచ్చ ఉండేది. ఎడమ కనుబొమ్మ తాకితే నాన్న. రెండు చేతులూ నడుముకు పెట్టి మొహం వేలాడేస్తే మేనత్త. గొంతు కింద గుంటలో రెండు వేళ్ళు ఆనిస్తే, "నీతో ఒక మాటుంది, ఎవరికీ తెలియకూడదు" అని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్కకు చేతులు మంచివి. ఆ చేతులతో ఆమె చెప్పే కబుర్లకు చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వేది, పెద్దవాళ్ళేమో ఈ పిల్లలిద్దరికీ ఏమైందోనని చూసేవాళ్ళు.

పెళ్ళిళ్ళయ్యాక ఒకరు ఒక ఊరు, ఇంకొకరు ఇంకో ఊరు. మధ్యలో ఒక పగలంతా బస్సు ప్రయాణం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో కలిస్తే చేతులు నొప్పి పుట్టేదాకా మాట్లాడుకునేవాళ్ళు. మిగతా రోజులంతా అక్క కబురు బావ నోటినుంచి రావాల్సిందే. ఎనిమిది నెలల కిందట ఆ బావ పోయాడు. పిన్ని వెళ్ళి పది రోజులుంది. ఇల్లంతా చుట్టాలు. ఎక్కడ ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నా మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఏడ్చేవారు. పదకొండో రోజు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, అక్క గబగబా బస్సు దగ్గరకు వచ్చింది. చెల్లెలి వైపు వేలు చూపించింది, గొంతు కింద గుంటలో రెండు వేళ్ళు ఆనించింది. నీతో ఒక మాటుంది. అంతే, బస్సు కదిలిపోయింది. అక్క రెండడుగులు వెంటవచ్చి ఆగిపోయింది.

ఏమిటా మాట? అది పిన్ని కడుపులో ముల్లులా గుచ్చుకుపోయింది. కొడుకు సరిగ్గా చూడటంలేదా? కోడలు అన్నం పెట్టటంలేదా? ఒంట్లో ఏదైనా దాచుకుంటోందా? అక్క కొడుక్కి ఫోను చేస్తే, "అమ్మ బాగానే ఉంది పిన్నీ" అంటాడు. బాగుంది అని అనొచ్చుగా, మధ్యలో ఆ "నే" ఎందుకట? వాడినే గుచ్చి గుచ్చి అడుగుదామంటే, అది ఎవరికీ తెలియకూడని మాటాయె. అక్క రాసి పంపుదామన్నా ఆమెకు రాత రాదు. ఎనిమిది నెలలుగా పిన్ని ఈ సంగతి భర్తకు కూడా సగమే చెప్పింది.

ఒకరోజు మధ్యాహ్నం అక్క కోడలు ఫోను చేసింది.

"చిన్నత్తయ్యా, నేను కొత్త ఫోను కొనుక్కున్నాను. పాతది అత్తయ్యకి ఇచ్చేశాను. మీరు కూడా ఒకటి కొనుక్కున్నారంటే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఎంచక్కా మాట్లాడుకోవచ్చు."

ఈ పిల్లమీదనా తను అనుమానపడింది అని పిన్నికి సిగ్గనిపించింది. మరుక్షణమే, మంచిగా మాట్లాడేవాళ్ళందరూ మంచివాళ్ళని ఎక్కడుందిలే అని కూడా అనిపించింది.

కొనేముందు ఒకసారి, బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ ఫోనులోంచి అక్కకు వీడియో చేయించుకుంది. ఫోను ఒక చేత్తో పట్టుకోవాలి, ఇంకో చేత్తో మాట్లాడాలి. సగం చేతులతో సగం మాటే అవుతుంది. పైగా ఆ ఫోనావిడ భుజం మీదినుంచి తొంగిచూస్తూ, "అబ్బ, ఎంత బాగా చేస్తున్నారో! ఇప్పుడేమన్నారు? ఇప్పుడేమన్నారు?" అని చెవిలో జోరీగలా తగులుకుంది. పరాయి మనిషి పక్కనుండగా ఆ రెండు వేళ్ళ సంగతి ఎలా అడుగుతుంది? బాగున్నావా అంటే బాగున్నా అనుకుని ముగించారు. ఆ సాయంత్రమే నిశ్చయించుకుంది, సొంత ఫోను కొనాల్సిందేనని.

ఫోను కొంటానన్న మాట గది దాటిందో లేదో, మెట్ల కింద సలహాల సంత మొదలైంది. పై అంతస్తు కుర్రది వెనకాల మూడు కెమెరాలుండాలంది. బ్యాంకాయన వాయిదాల్లో పెద్దదే తీసుకోమన్నాడు. లెక్కల మాస్టారు ఏడు ఫోన్ల వివరాలు కాగితమ్మీద గడులు గీసి తెచ్చాడు, తన దగ్గరున్నది మాత్రం బటన్ల ఫోనే. ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పనిచేసే భర్త అన్నీ విని, అన్నం తింటూ ఒకటే మాటన్నాడు.

"తా దూర సందు లేదు, మెడకో డోలని. నీ గదిలో సిగ్నలే రాదు గదే."

పిన్నికి కోపం వచ్చింది, ఎందుకంటే మాట నిజం. మెట్ల కింద గదిలో బటన్ల ఫోనుకే ఒక్క గీత వచ్చేది, మాట తెగితే బయటికి పరుగెత్తేది. కానీ ఆమె ఇస్త్రీ మనిషి. ముడత కనిపిస్తే దాని సంగతి తేల్చందే వదలదు. మర్నాటినుంచి గదికి వచ్చిన ప్రతివాళ్ళనూ, "మీ ఫోను ఒకసారి చూడండి, ఎన్ని గీతలున్నాయి? ఏ కంపెనీది?" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళను బల్ల ఇవతల ఒకసారి, అవతల ఒకసారి నిలబెట్టింది. "చొక్కా కోసం వస్తే జనాభా లెక్కలు రాస్తున్నావేంటమ్మా" అన్నాడు బ్యాంకాయన. వారం తిరిగేసరికి ఏ కంపెనీ సిమ్ము తన గదిలో మూడు గీతలు చూపిస్తుందో ఆమెకు తేలిపోయింది, అదీ కిటికీవైపు నీళ్ళగిన్నె పక్కనయితేనే. ఆ సంగతి మాస్టారి కాగితంలోని ఏ గడిలోనూ లేదు.

ఆదివారం భర్తను వెంటబెట్టుకుని ఫోన్ల షాపుకు వెళ్ళింది. షాపాయన నలభై ఏళ్ళవాడు, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని మాట్లాడతాడు. అద్దాల బల్ల కింద ఫోన్లు వరుసగా పడుకుని ఉన్నాయి.

"చెప్పండమ్మా, ఏం చూపించమంటారు? గేములాడేదా, ఫొటోలు బాగా వచ్చేదా, బ్యాటరీ ఎక్కువొచ్చేదా?"

"చెయ్యి ఆడిస్తే వేళ్ళు లెక్కపెట్టగలిగేది" అంది పిన్ని.

షాపాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. పదిహేనేళ్ళ వ్యాపారంలో అతన్ని ఎవరూ ఈ మాట అడగలేదు. పిన్ని విడమరిచి చెప్పింది. అక్క సంగతి చెప్పింది, చేతుల భాష చెప్పింది, గదిలో ఒకటే ట్యూబులైటన్నది చెప్పింది. అతను మంచివాడు. చెవులొగ్గి విన్నాడు. విని, అలవాటు పోక, అన్నిటికంటే పెద్ద ఫోను తీసి ముందు పెట్టాడు.

"దీనికి వెనకాల మూడు కెమెరాలండీ."

"నా వెనకాల ఎవరున్నారయ్యా? గోడ ఉంది. ముందుదెలా ఉందో చెప్పు."

"ముందుది మామూలేనండి. కానీ ఇది తీసుకుంటే ఇవాళ పెద్దగా ఏం కట్టక్కర్లేదు. ఈ కాగితమ్మీద చిన్న సంతకం. రెండేళ్ళు నెలనెలా బిల్లు కట్టుకుంటూ పోవడమే. మీ ఖాతాలోంచి అదే పోతుంది, మీకు తెలీనే తెలీదు."

"నాకు తెలీకుండా పోయేదేదీ నాకొద్దు నాయనా. బళ్ళకి సెలవులిస్తే నాకు యూనిఫారాలు రావు. ఆ రెండు నెలలూ చిన్న రీఛార్జి వేసుకుంటా, కుదరకపోతే నాలుగు రోజులు మానేస్తా. నా సెలవుల సంగతి నీ కాగితం వింటుందా?"

"వినదండీ."

"మా అక్కా వినదు. కానీ అర్థం చేసుకుంటుంది. నీ కాగితం అదీ చెయ్యదు."

భర్త గడ్డం గోక్కుంటూ నవ్వు దాచుకున్నాడు. షాపాయన దాచుకోలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టేసి, ముందే డబ్బు కట్టి వాడుకునే ప్యాకుల పట్టిక తీశాడు. రోజుకింత డేటా అని ఒకటుంది, వీడియోలో రోజూ గంటపైనే మాట్లాడుకోవచ్చు, ఇవాళ్టిది అయిపోతే మళ్ళీ రేపటిది వస్తుంది అన్నాడు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకో కంపెనీకి పోవచ్చు, అడిగేవాళ్ళు లేరు.

"నెలకేనా ఇది?"

"ఇరవై ఎనిమిది రోజులకండీ."

"ఏ ఊళ్ళో నెల అది?"

"ఫోన్లోళ్ళ ఊళ్ళోనండి" అన్నాడతను. ఆ జవాబు పిన్నికి నచ్చింది. అబద్ధం ఆడని మనిషిలా ఉన్నాడు.

అప్పుడు పరీక్ష మొదలైంది. అక్కకు తను ఎలా కనిపిస్తుందో తెలియాలంటే తను ఆ పక్కనుంచి చూడాలి. కాబట్టి షాపాయన సొంత ఫోను పిన్ని చేతికి ఇచ్చి, ఆమెను బయట కాలిబాట మీదికి పంపించాడు. తాను లోపల బేరానికున్న ఫోను ముందు నిలబడి వీడియో కలిపాడు. పిన్ని చెప్పగా, ఒకటి తప్ప లైట్లన్నీ ఆర్పేశాడు.

"చేతులాడించు!" అని బయటినుంచి కేకవేసింది పిన్ని. ఆడించాడు. "ఎక్కడయ్యా వేళ్ళు? అయిదూ కలిసి తెడ్డయ్యాయి!"

మూడు కెమెరాల పెద్ద ఫోను అలా ఓడిపోయింది. రెండోదాంట్లో వేళ్ళు కనిపించాయిగానీ, అది పిన్ని వేలికి లొంగలేదు. ఇన్నేళ్ళ ఇస్త్రీపెట్టె వేడికి ఆమె వేళ్ళ చివర్లు కాయకట్టి నున్నగా అరిగిపోయాయి. బొటనవేలు ఆనిస్తే ఫోనుకు చలనం లేదు, చూపుడు వేలు ఆనిస్తే లేదు. "మనిషిని కాదనుకుంటోంది నన్ను" అంది పిన్ని. ఆ మాట నవ్వుతూనే అందిగానీ, అరిగిపోయిన ఆ వేళ్ళను ఒకసారి కొంగులో తుడుచుకుంది. ఒక్క చిటికెన వేలికి మాత్రం అప్పుడప్పుడు పలికింది. అప్పుడప్పుడైతే ఎలా? ఫోను మోగుతుంటే దాని దయ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా?

మూడోది పోయినేడాది వచ్చిన చిన్నరకం ఫోను. అద్దాల బల్ల మీద అందరూ చూడటానికి పెట్టింది కావడంతో వీపున ఒక గీత పడింది, ధరా అందుకే తగ్గింది. చిటికెన వేలితో తాకితే ఠక్కున లేచింది. పిన్ని మళ్ళీ కాలిబాట మీదికి వెళ్ళింది. ఈసారి షాపాయన చేతులు అటూ ఇటూ ఊపితే సరిపోదని, వెళ్ళేముందు అతనికి నాలుగు సైగలు నేర్పింది. అతను వరసగా చేశాడు. కుడి బుగ్గ తాకాడు. ఎడమ కనుబొమ్మ తాకాడు. నడుముకు చేతులు పెట్టి మొహం వేలాడేశాడు. దారిన పోతున్న ఇద్దరు మనుషులు షాపులోకి తొంగిచూసి, వ్యాపారం దెబ్బతిని ఇలా అయ్యాడు కాబోలనుకుని వెళ్ళిపోయారు. ఆఖరికి అతను పిన్ని వైపు వేలు చూపి, గొంతు కింద గుంటలో రెండు వేళ్ళు ఆనించాడు.

అరచేతిలోని ఆ చిన్న తెరలో రెండు వేళ్ళూ విడివిడిగా, గోళ్ళతో సహా కనిపించాయి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, తన అక్క మాట అంటున్నాడు.

"మళ్ళీ ఒకసారి చెయ్యి నాయనా" అంది.

మళ్ళీ చేశాడు.

"ఇదే ఇచ్చెయ్యి" అంది. బయటే నిలబడి కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. భర్త కొత్త సిమ్ము వేయించి, ఇరవై ఎనిమిది రోజుల నెలకు డబ్బు కట్టి, ఫోను డబ్బాను తానే పట్టుకుని నడిచాడు.

ఆ సాయంత్రం మెట్ల కింద గదిలో ఇంకో చిక్కు తేలింది. మాట్లాడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, మరి ఫోను ఎవరు పట్టుకుంటారు? మడిచిన చొక్కాల దొంతరకు ఆనిస్తే జారిపోయింది. గిన్నెకు ఆనిస్తే నీళ్ళలో పడబోయింది. పిన్ని తీగ మీదనుంచి ఒక ఇనప హేంగరు తీసింది. దాని కొక్కెం వెనక్కి వంచింది, కింది కమ్మీని రెండుచోట్ల పైకి మడిచింది. ఫోను అందులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. షాపులో స్టాండుకు చెప్పిన ధర తలుచుకుని ఆమె చాలాసేపు ఆనందించింది.

మరునాటి కోసం అభ్యాసం చేద్దామని కెమెరా తన వైపు తిప్పుకుంది. అక్కడే తప్పటడుగు వేసింది. ఆ తెర అద్దంలా చూపిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుడి బుగ్గ తాకి చూసుకుంటే, తెరమీది మనిషి ఎడమ బుగ్గ తాకినట్టుంది. అమ్మను అటువైపు చూపిస్తే అక్కకేం అర్థమవుతుంది? ఈ ఫోను చేతుల్ని తారుమారు చేస్తోంది! షాపాయన దగ్గరకు పరుగెడదామంటే షాపు కట్టేసి ఉంటాడు. ముడత ఉంటే తిరగేసి ఇస్త్రీ చేయడమే ఆమెకు తెలిసిన విద్య. సరే, ఇది తిప్పి చూపిస్తే నేనూ తిప్పే మాట్లాడతానని పంతం పట్టింది. పొద్దుపోయేదాకా ప్రతి మాటా ఎడమచేత్తో అభ్యాసం చేసింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా గరిటె ఎడమచేతిలోకి పోతుంటే భర్త కంచం పక్కకు జరుపుకున్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు, కోడలితో అనుకున్న ప్రకారం, పిన్ని బట్టల మూటలన్నీ పక్కకు నెట్టి, ఇస్త్రీపెట్టె ఆపి, కిటికీవైపు నీళ్ళగిన్నె పక్కన హేంగరు పెట్టింది. భర్త ఆ పూట సెలవు పెట్టి గుమ్మం బయట ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు, ఎవరొచ్చినా "ఇప్పుడు కాదు" అని చెప్పడానికి. చిటికెన వేలితో నొక్కింది. రెండుసార్లు మోగింది. తెర నిండా ముందు కోడలి చెంప కనిపించింది, తర్వాత ఇంటి కప్పు, తర్వాత చక్కెర డబ్బా, ఆ తర్వాత అక్క.

అక్క వంటింట్లో కూర్చుని ఉంది. ఫోను ఆనించి కోడలు బయటికి వెళ్ళిపోయింది. జుట్టు ఇంకాస్త తెల్లబడింది, మొహం మాత్రం నిండుగా ఉంది. పిన్ని ముందుగా అనుకున్న ప్రకారం ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఎలా ఉన్నావు, తిన్నావా, మొన్న కలలో అమ్మ కనిపించింది అని ఎడమ బుగ్గ తాకింది.

అక్క మొహంలో రంగు పోయింది. కుర్చీలోంచి సగం లేచి తెరమీదికి వంగింది. తన కుడిచెయ్యి పైకెత్తి, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఊపుతూ, "ఏమైంది? దీనికేమైంది? కాలిందా? పడిపోయిందా? చూపించు!" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి. ఇస్త్రీ చేసే చెల్లెలు కుడిచెయ్యి కదపకుండా మాట్లాడుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

అక్క తనను సరిగ్గానే చూస్తోందని, అద్దంలా చూసుకున్నది తానేనని అప్పుడు పిన్నికి తట్టింది. కుడిచెయ్యి పైకెత్తి అయిదు వేళ్ళూ ఆడించింది. మూసి తెరిచింది. నీళ్ళ గిన్నె ఎత్తి చూపించింది. జరిగిందంతా కుడిచేత్తో చెప్పింది, మూర్ఖపు అభ్యాసం, ఎడమచేతి గరిటె, మొగుడి కంచం, అన్నీ. అక్క నవ్వడం మొదలుపెట్టింది. అక్క నవ్వితే శబ్దం వస్తుంది, గొంతులోంచి బరువుగా, పిచ్చిగా. చిన్నప్పుడు ఆ శబ్దానికి ఇంటికొచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. ఇప్పుడది ఫోనులోంచి మెట్ల కింద గదినిండా మోగింది. ఎంత కాలమైందో విని. గుమ్మం బయట భర్త కూడా నవ్వుతున్నాడు, దేనికో తెలియకుండానే.

ఆ తర్వాత ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. బావ చొక్కాలు ఎవరికిచ్చారో, కోడలు ఉప్పు ఎక్కువేస్తుందని చెప్పినా వినదనీ, కానీ ఒంట్లో బాగాలేనప్పుడు రెండు రాత్రులు పక్కనే కూర్చుందనీ, కొడుకు తండ్రిలాగే గురకపెడతాడనీ, అక్క చెప్పుకుపోయింది. పిన్ని కళ్ళు అక్క చేతుల్ని, మొహాన్ని, భుజాల్ని వెతుకుతూనే ఉన్నాయి. ఎక్కడా దాపరికం లేదు. చిక్కిపోలేదు. భయం లేదు. అయినా అడగాలి. తలుపు వైపు ఒకసారి చూసుకుని, ఎనిమిది నెలలుగా మోస్తున్న ప్రశ్న బయటపెట్టింది.

"ఆ రోజు బస్సు దగ్గరకు వచ్చావు. నాతో మాటుందన్నావు. ఏమిటది?"

అక్క కనుబొమలు ముడిచింది. పైకప్పు వైపు చూసింది. గడ్డం కింద వేలు పెట్టుకుంది. చాలాసేపు ఆలోచించింది.

"ఏమో" అంది అక్క, రెండు అరచేతులూ తిరగేసి. "మరిచిపోయాను."

"మరిచిపోయావా! నాకు ఎనిమిది నెలలుగా నిద్రలేదు!"

"ఎందుకు? అడగొచ్చుగా."

"ఎలా అడగను?"

ఆ మాటకు అక్క చేతులు ఆగిపోయాయి. నిజమే, ఎలా అడుగుతుంది? అక్క కొంచెం ముందుకు వంగి, తెరమీద చెల్లెలి మొహం ఉన్నచోట వేలితో నిమిరింది. తర్వాత మళ్ళీ నిటారుగా కూర్చుని, "గుర్తొస్తే రేపు చెబుతాలే" అంది.

సరిగ్గా అప్పుడు పిన్ని చూసింది. అక్క వెనకాల పొయ్యి మీద గిన్నె అంచున పాలు తెల్లగా ఉబ్బుతున్నాయి. అక్కకు ఆ చప్పుడు వినపడదు. పిన్ని బల్లమీదికి వంగి రెండు చేతులూ ఎత్తి, "వెనకాల! పాలు! పాలు!" అని గాలిలో పొంగించింది. అక్కతో ఎప్పుడూ అవసరం పడని నోటితో కూడా గట్టిగా అరిచింది. అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది, ఒక్క అంగలో పొయ్యి ఆర్పింది, చీరకొంగుతో గిన్నె దింపింది. మళ్ళీ ఫోను దగ్గరకు వచ్చింది. పని మీదున్న పెద్దక్క మొహంతో, ఇంక చాలు పోవే అన్నట్టు చెయ్యి విదిలించి, తెరమీద ఒక నొక్కు నొక్కింది.

తెర నల్లగా అయిపోయింది.

భర్త తల వంచి లోపలికి వచ్చాడు.

"ఏమైందే? డేటా అయిపోయిందా?"

"లేదు. పాలు పొంగాయని పెట్టేసింది."

"చెప్పకుండానే?"

"చెప్పకుండానే" అంది పిన్ని.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అక్క తనను అలా వదిలి వెళ్ళలేదు. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని ఉండేది, మళ్ళీ ఎన్నాళ్ళకో అని ఇద్దరూ ఏడ్చేవాళ్ళు. ఇవాళ పక్కగదిలో ఉన్న చెల్లెల్ని వదిలి పనిలోకి పోయినట్టు పోయింది. పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఏదీ ఆపుకోలేదు. ఆ రోజు బట్టల కోసం వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడగకపోయినా, కాలరు మీద ఇస్త్రీపెట్టె తోస్తూ చెప్పింది.

"మా అక్క నా ఫోను పెట్టేసిందండీ. పనుందట. రేపు మాట్లాడతానంది."